ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత సంసారం మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి

నాకు ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యి నాలుగేళ్ళు దాటింది. శ్రీకాకుళంలో మందుల షాపు నాది, కాబట్టి నాకు ఆపరేషన్ కాకముందు నుంచీ ఈ ప్రశ్న కౌంటర్ దగ్గరికి వస్తూనే ఉంది. మనిషి వస్తాడు, షాపులో ఇంకెవరైనా ఉంటే మెట్టు కింద నిలబడిపోతాడు, అందరూ వెళ్ళాక లోపలికొచ్చి ఒక పారాసిటమాల్ షీటు అడుగుతాడు, డబ్బులిచ్చి చిల్లర తీసుకుని, అప్పుడు గొంతు తగ్గించి "పోస్టేటు తీసేసారు బాబూ, మరింక అంతేనేటి?" అంటాడు. పది మందికి పది సార్లు కౌంటర్ మీద సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను, నిదానంగా చదవండి, కుదిరితే మీ ఇంటావిడ చేత కూడా చదివించండి.

అంతే కాదు. కానీ దానంతటదే వస్తుందిలే అని ఏడాది చేతులు కట్టుకుని కూర్చుంటే మాత్రం చేతికొచ్చేది కూడా కొంత జారిపోతుంది.

ముందు ఒక సంగతి తేల్చుకోండి: మీకు జరిగింది ఏ ఆపరేషన్

మన వైపు రెండింటినీ "పోస్టేటు ఆపరేషన్" అనే అంటారు, అక్కడే సగం గందరగోళం.

ఒకటి, వయసు మీద పడి, మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఒంటేలు ఆగిపోతుంటే మూత్రం దారిలోంచే లోపలికి వెళ్ళి గీకి తీసేది, టీయూఆర్‌పీ అంటారు, ఇప్పుడు లేజర్‌తో కూడా చేస్తున్నారు. ఇందులో గట్టిపడటానికి పెద్దగా దెబ్బ తగలదు. చాలామందికి జరిగేదేంటంటే వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రసంచిలోకి పోతుంది, తర్వాత ఒంటేలు కాస్త తెల్లగా మబ్బుగా వస్తుంది. ఒంట్లో శక్తి పోవడం కాదు అది, దానివల్ల ఏ హానీ లేదు. పిల్లలు కావాలనుకునే వయసైతే మాత్రం డాక్టరుకి ముందే చెప్పాలి. 4 నుంచి 6 వారాలు కలయిక, సైకిలు, బండి మీద గతుకుల రోడ్లు వద్దు, లోపలి పుండు మానాలి. ఆ తర్వాత మామూలుగా మొదలుపెట్టొచ్చు. మీది ఈ ఆపరేషన్ అయితే కింద ఉన్నదాంట్లో కండరం వ్యాయామం, బిళ్లల జాగ్రత్తలు చదివితే చాలు.

రెండోది క్యాన్సర్‌కి గ్రంథి మొత్తం, దాని వెనకున్న వీర్యపు తిత్తులతో సహా తీసేది. మిగతా అంతా ఎక్కువగా వీళ్ళ కోసమే.

అంగాన్ని గట్టిపరిచే సన్నటి నరాలు ప్రోస్టేట్‌కి రెండు పక్కలా దాదాపు అతుక్కునే పోతాయి. ఒకప్పుడు గ్రంథితోపాటు అవీ పోయేవి. 1982లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ వాటిని పక్కకి తప్పించి ఆపరేషన్ చేసి చూపించాడు, ఇప్పుడు జబ్బు నరాల దాకా పాకకపోతే అలాగే చేస్తారు. తప్పించినా సరే ఆ లాగుడుకి, వేడికి నరాలు మొద్దుబారిపోతాయి, తేరుకోడానికి 12 నుంచి 24 నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఈ లోపు నెలల తరబడి అంగంలోకి మంచి రక్తం రాకపోతే లోపలి మెత్తటి కండ బిరుసెక్కి సాగే గుణం తగ్గుతుంది, పొడవు కూడా కాస్త తగ్గుతుంది. అందుకే నరం లేచేదాకా ఆ కండని కాపాడుకోవాలి, మనం చేసే పనంతా దానికోసమే.

ఇంకో మాట, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. స్పర్శ, ఆఖర్న వచ్చే సుఖం వేరే నరంలోంచి వస్తాయి, ఆపరేషన్‌లో దాన్ని ముట్టుకోరు. అంటే గట్టిపడకపోయినా, వీర్యం ఒక్క చుక్క రాకపోయినా, ఆ సుఖం మీకు అందుతుంది. నాకు ఆపరేషన్ చేసిన చోట ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, నాకు నేనుగా తెలుసుకోడానికి ఐదు నెలలు పట్టింది, ఆ ఐదు నెలలూ ఇంట్లో నేనున్న తీరు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

డిశ్చార్జ్ సమ్మరీ. ఆపరేషన్ తర్వాత చేసిన పీఎస్ఏ రిపోర్టు, అంటే క్యాన్సర్ మళ్ళీ వచ్చిందా అని చూసే రక్తపరీక్ష. షుగర్, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) తాజా రిపోర్టులు. మీరు వాడే అన్ని బిళ్లల చీటీ, ముఖ్యంగా గుండెవి. ఒక చిన్న నోట్‌బుక్. నీళ్ళతో కడిగితే పోయే రకం లూబ్రికెంట్ జెల్లీ, కొబ్బరినూనె కాదు.

1. డిశ్చార్జ్ సమ్మరీలో రెండు మాటలు వెతకండి

"నెర్వ్ స్పేరింగ్" అని ఎక్కడైనా ఉందా చూడండి. దాని ముందు "బైలేటరల్" అని ఉంటే రెండు వైపులా నరాలు ఉంచారు, "యూనిలేటరల్" అంటే ఒక వైపే, "నాన్ నెర్వ్ స్పేరింగ్" అంటే ఉంచలేకపోయారు. ఏమీ రాయకపోతే సర్జన్‌ని అడగండి, అది అడగడం మీ హక్కు. రెండు నరాలూ ఉన్నవాళ్ళకి బిళ్ల పనిచేసే అవకాశం ఎక్కువ. రెండూ పోయినవాళ్ళకి బిళ్లల మీద నెలలు, డబ్బులు పెట్టడం దండగ, వాళ్ళు నేరుగా కింద 7, 8 నంబర్లలో రాసినదాని దగ్గరికి వెళ్ళొచ్చు. ఆపరేషన్‌కి ముందు మీకు ఎలా ఉండేదో కూడా నిజాయితీగా రాసుకోండి. ముందే షుగర్ వల్ల సగం తగ్గి ఉంటే తర్వాత అంతకన్నా బాగా రాదు కదా.

క్యాన్సర్‌ని అణచడానికి హార్మోన్ ఇంజెక్షన్లు కూడా ఇస్తున్నట్టయితే కోరికే తగ్గిపోతుంది, అది మందు ప్రభావం, మీ మనసులో లోపం కాదు.

2. పైపు తీసాక కండరం వ్యాయామం

మూత్రం పైపు ఉన్నంతకాలం చేయకూడదు. పైపు మామూలుగా 1 నుంచి 2 వారాల్లో తీస్తారు, తీసాక డాక్టరు సరే అన్న రోజు నుంచి మొదలు.

ఏ కండరం? నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకోడానికి బిగిస్తాం చూడండి, అదే. సరిగ్గా పట్టుకున్నారో లేదో చూడాలంటే గది తలుపేసుకుని అద్దం ముందు బట్టల్లేకుండా నిలబడి బిగించండి, అంగం మొదలు కొంచెం లోపలికి గుంజుకుని వృషణాలు పైకి లేవాలి. పొట్ట, తొడలు, పిరుదులు కదిలాయంటే మీరు తప్పు కండరం బిగిస్తున్నారు. ఊపిరి బిగబట్టకూడదు, పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

5 సెకన్లు బిగించి, 5 సెకన్లు వదిలి, 10 సార్లు. రోజుకి 3 విడతలు. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, నెల తర్వాత నిలబడి. నేను షాపు తీసాక ఒకటి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటి, రాత్రి పడుకున్నాక ఒకటి పెట్టుకున్నాను. ఒంటేలు పోసేటప్పుడు మధ్యలో ఆపి ఆపి చేయడం అలవాటు చేసుకోవద్దు, కండరం తెలుసుకోడానికి ఒకసారి చూడొచ్చు, అంతే. దీనివల్ల ముందు ఒంటేలు కారడం తగ్గుతుంది, ప్యాడ్ లేకుండా ఆమదాలవలస స్టేషన్ నుంచి వైజాగ్ దాకా రైల్లో వెళ్ళొచ్చిన రోజు మనిషికి సగం ధైర్యం వస్తుంది, ఆ ధైర్యం పడకగదిలోకి కూడా వస్తుంది.

3. చుట్ట, మందు, షుగర్

క్లుప్తంగా చెప్తాను. చుట్టైనా బీడీ అయినా సిగరెట్టైనా రక్తనాళాల్ని బిగిస్తుంది, మనం చేసేదంతా రక్తం రప్పించడానికే కదా, కాబట్టి మానాలి. సారా, బ్రాందీ తాగిన రాత్రి ఏ బిళ్లా సరిగా పనిచేయదు. షుగర్ అదుపులో పెట్టుకోండి. నడక మొదటి వారం నుంచే, నాగావళి గట్టు మీదో, ఇంటి డాబా మీదో, మెల్లగా పెంచుకుంటూ.

4. ఇంటావిడతో మాట్లాడండి

ఇది చివరికి పెట్టుకుంటారు అందరూ, నేనూ అలాగే పెట్టుకున్నాను. రాత్రి ఆవిడ దగ్గరికొస్తే నిద్రపోయినట్టు పడుకునేవాణ్ణి. మొదలుపెట్టి ఏదీ కాకపోతే ఆవిడ ముందు పరువు పోతుందని నా భయం. ఒకరోజు పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, నా వైపు చూడకుండానే, "నా మీద ఏమైనా కోపమాండీ" అని అడిగింది. నేను దూరంగా ఉంటే తనే నచ్చడం లేదనుకుందట, ఆ పైన తను నన్ను ముట్టుకుంటే ఆపరేషన్ కుట్లకి ఏమైనా అవుతుందేమోనని ఇంకో భయం, ఇద్దరం ఒకే మంచం మీద చెరో భయం పట్టుకుని పడుకున్నాం అన్ని నెలలూ.

ఏం చెప్పాలి? మూడు సంగతులు. ఒకటి, నరాలు మొద్దుబారాయి, ఏడాది రెండేళ్ళు పడుతుంది, నీ మీద ఇష్టం తగ్గడం కాదు. రెండు, ఈ జబ్బు కలయిక వల్ల ఆడవాళ్ళకి అంటుకోదు. మూడు, గట్టిపడినా పడకపోయినా దగ్గరగా పడుకుందాం, చేతులతో సుఖం ఇచ్చుకుందాం. రాత్రి మంచం మీద ఈ మాట ఎత్తకండి, పగటిపూట ఏదో పనిచేసుకుంటూ మాట్లాడితే ఇద్దరికీ తేలిక.

ఆవిడని కూడా అడగండి. నెలసరి ఆగిన ఆడవాళ్ళకి లోపల పొడిబారి నొప్పి ఉంటుంది, చెప్పుకోరు. మీకు గట్టితనం తక్కువ, ఆవిడకి పొడి, రెండూ కలిస్తే ఎవరికీ కుదరదు. జెల్లీ కొనమన్నది అందుకే.

5. బిళ్లలు

సిల్డెనాఫిల్, తడలాఫిల్. గట్టిపడటానికి ఎక్కువగా ఇచ్చేవి ఇవే. డాక్టరు చీటీ లేకుండా వద్దు, నేను అమ్మేవాణ్ణి అయ్యుండి చెప్తున్నాను.

ముందు హెచ్చరిక, ఇది దాటేసి చదవొద్దు. గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గానీ, నైట్రోగ్లిసరిన్ గానీ, ఐసోసార్బైడ్ అని పేరున్న ఏ బిళ్ల గానీ, నికోరాండిల్ గానీ వాడేవాళ్ళు వీటిని ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పడిపోయి ప్రాణం పోవచ్చు. మన ఊళ్ళలో ఛాతీలో మంట అంటే చాలు పక్కింటాయన జేబులోంచి సార్బిట్రేట్ తీసి పెట్టేస్తాడు, కాబట్టి మీరు బిళ్ల వేసుకున్న సంగతి ఇంటావిడకి తెలిసి ఉండాలి. ఛాతీ నొప్పి వస్తే 108 వాళ్ళకి, డాక్టరుకి ముందు అదే చెప్పాలి. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల లోపు, తడలాఫిల్ అయితే 48 గంటల లోపు ఆ గుండె మందు ఇవ్వకూడదు.

ఒంటేలు సులువుగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ లాంటివి, బీపీకి ప్రజోసిన్ వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వైపు వాళ్ళకి ప్రత్యేకంగా: కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్ళకి నేను ముందు క్రియాటినిన్ రిపోర్టే అడుగుతాను. కిడ్నీలు బాగా దెబ్బతింటే మందు ఒంట్లోంచి తొందరగా పోదు, సిల్డెనాఫిల్ 25 మి.గ్రా.తోనే మొదలుపెడతారు, రోజూ వేసుకునే తడలాఫిల్ ఇవ్వరు, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళకి కూడా ఇవ్వరు. పక్కవాడికి పనిచేసిన డోసు మీకు విషం కావొచ్చు.

వాడే పద్ధతి: సిల్డెనాఫిల్ ఖాళీ కడుపుతో, కలయికకి గంట ముందు. మామూలుగా 50 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఈ ఆపరేషన్ అయినవాళ్ళకి చాలాసార్లు 100 దాకా పెంచుతారు, దాటకూడదు, రోజుకి ఒక్కటే. తడలాఫిల్‌కి తిండితో పనిలేదు, 36 గంటల దాకా ప్రభావం ఉంటుంది, 5 మి.గ్రా. రోజూ గానీ, 10 లేదా 20 కావలసినప్పుడు గానీ ఇస్తారు. తలనొప్పి, మొహం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట, తడలాఫిల్‌తో నడుంనొప్పి రావొచ్చు. ఉన్నట్టుండి చూపు గానీ వినికిడి గానీ పోతే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి.

రోజూ బిళ్ల వేసుకుంటే నరం తొందరగా మానుతుందని గట్టి రుజువు లేదు. వేసుకున్నంతకాలం సాయం చేస్తుంది, కండని కాపాడటానికి పనికొస్తుంది, అంతవరకే నమ్మండి.

ఎక్కువమంది చేసే తప్పు నాది కూడా. ఆరో వారంలో ఒక ఆదివారం కోడికూర, గారెలు బాగా తిని, బిళ్ల వేసుకుని, ఇరవై నిమిషాలు సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నాను. ఏమీ కాలేదు. బిళ్లలు నాకు పనిచేయవని తేల్చేసుకుని మూడు నెలలు సొరుగులో పడేసాను. తప్పులు లెక్కపెట్టండి: నూనె తిండి మీద వేసుకోవడం, టైము ఇవ్వకపోవడం, స్పర్శ లేకుండా ఊరికే ఎదురుచూడటం, ఒక్కసారికే వదిలేయడం. బిళ్ల స్విచ్ కాదు, కోరిక, స్పర్శ ఉంటేనే రక్తాన్ని నిలబెడుతుంది. సరైన డోసులో, సరైన పద్ధతిలో కనీసం 6 నుంచి 8 సార్లు చూసాకే పనిచేయలేదని అనాలి.

6. మొదటి రాత్రులు

4 నుంచి 6 వారాల తర్వాత, సర్జన్ సరే అన్నాక. ముందు ఒంటేలు పూర్తిగా పోసి రండి, ఎందుకంటే సుఖం వచ్చే సమయంలో కొంచెం ఒంటేలు జారడం ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో మామూలే, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. మంచం మీద పాత దుప్పటి మడత వేసుకోండి, కండోమ్ వాడినా సరే. ఆ కొంచెం ఒంటేలు వల్ల ఆవిడకి ఏమీ కాదు. మొదట్లో సుఖం వచ్చేటప్పుడు కాస్త నొప్పి ఉండొచ్చు. మొదటి నెలలో లోపలికి వెళ్ళాలి అన్న లెక్క పెట్టుకోకండి, వారానికి రెండు మూడు సార్లు చేతితోనైనా రక్తం రప్పించడమే పని.

7. వాక్యూమ్ పంపు

బిళ్ల పడనివాళ్ళకి, నరాలు పోయినవాళ్ళకి, పొడవు తగ్గకుండా చూసుకోవాలనుకునేవాళ్ళకి. ఒక గొట్టం, గాలి లాగే పంపు, ఒక రబ్బరు రింగు ఉంటాయి. గాలి ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే వాల్వ్ ఉన్నదే కొనండి, అది లేనివి చౌకగా దొరుకుతాయి కానీ చర్మం కమిలిపోతుంది.

అంగం మొదలు దగ్గరి వెంట్రుకలు కత్తిరించి, జెల్లీ రాసి, గొట్టం ఒంటికి ఆనించి, రెండు మూడు సార్లు కొట్టి ఆగి, మళ్ళీ కొట్టి, అలా నెమ్మదిగా. నిండాక గాలి వదిలేసి మళ్ళీ నింపండి, మొత్తం 10 నిమిషాలు, రోజుకోసారి. ఇది వ్యాయామం, దీనికి రింగు పెట్టకూడదు. కలయిక కోసమైతే నిండాక రింగుని అంగం మొదలు దగ్గరికి జార్చి గొట్టం తీసేయాలి, రింగు 30 నిమిషాలకి మించి ఉంచకూడదు, దాంతో నిద్రపోకూడదు. కాస్త నీలంగా, చల్లగా అనిపిస్తుంది, మొదలు దగ్గర ఊగుతుంది, అది ఆ పద్ధతిలో ఉన్నదే. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులుంటే ముందు డాక్టరుని అడగండి.

8. ఇంజెక్షన్, ఆ తర్వాత ఇంప్లాంట్

అంగం పక్కన సన్న సూదితో ఇచ్చే ఇంజెక్షన్, నరం లేకపోయినా పనిచేస్తుంది. పేరు వింటేనే భయపడతారు కానీ సూది షుగర్ పేషెంట్లు ఇన్సులిన్‌కి వాడేంత సన్నం. మొదటి డోసు యూరాలజిస్టు ముందే, ఆయన నేర్పాకే ఇంట్లో. పక్కనే పొడవాలి, పైన గానీ కింద గానీ కాదు, చోటు మార్చి అటొకసారి ఇటొకసారి, తీసాక కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, 24 గంటల్లో ఒక్కసారే. డోసు చాలలేదని ఇంట్లో మీరే పెంచొద్దు.

గట్టిగా అయి 4 గంటలు దాటినా దిగకపోతే అది ఎమర్జెన్సీ, తెల్లారాక చూద్దాం అనుకుంటే లోపలి కండ శాశ్వతంగా పాడవుతుంది. సిగ్గుపడి ఆగిపోయేది ఇక్కడే. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి గానీ, దగ్గరైతే వైజాగ్ కేజీహెచ్‌కి గానీ, ఇచ్ఛాపురం వైపు వాళ్ళు బరంపురం మెడికల్ కాలేజీకి గానీ ఆ రాత్రే వెళ్ళిపోండి.

ఇవేవీ పనిచేయకపోతే, ఏడాది రెండేళ్ళు చూసాక, అంగం లోపల అమర్చే ఇంప్లాంట్, అంటే గట్టితనం ఇచ్చే పరికరం, ఉంది. మళ్ళీ ఆపరేషనే, వెనక్కి తిప్పలేనిది, షుగర్ ఎక్కువుంటే ఇన్ఫెక్షన్ భయం, కానీ ఒకసారి కుదిరితే బిళ్ల, సూది ఏదీ అక్కర్లేదు.

ఎలా పరీక్షించుకోవాలి

నోట్‌బుక్‌లో నెలకోసారి ఒకే అంకె రాయండి. 1: పెద్దదైంది కానీ గట్టి లేదు. 2: గట్టిగా ఉంది, లోపలికి వెళ్ళేంత లేదు, తొక్క తీసిన అరటిపండు అనుకోండి. 3: వెళ్ళేంత గట్టి, తొక్కతో ఉన్న అరటిపండు. 4: పూర్తి గట్టి, కీర దోసకాయ. పక్కన బిళ్లతోనా, పంపుతోనా, ఏదీ లేకుండానా అని రాయండి. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు కొంచెం కదలిక కనిపించినా తేదీ వేయండి, నరం లేస్తున్న గుర్తు అది. నా పుస్తకంలో మొదటి ఏడు నెలలూ 1 మీద 1, ఎనిమిదో నెల్లో బిళ్లతో 2, పధ్నాలుగో నెల్లో 3. రోజూ చూసుకునేవాడికి మార్పు కనపడదు, పేజీ తిప్పితేనే కనపడుతుంది.

మూడు నెలలు పద్ధతిగా చేసి అంకె కదలకపోతే డాక్టరు దగ్గరికెళ్ళి తర్వాతి మెట్టు అడగండి. అంగం వంకర తిరిగినా, లోపల గట్టి ముడి తగిలినా, ఒంటేల్లో రక్తం మళ్ళీ కనపడినా ఆగకుండా వెళ్ళండి.

వెళ్ళకూడని చోటు కూడా చెప్పాలి. బస్టాండు గోడల మీద "నరాల బలహీనత, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో" అని కాగితాలు ఉంటాయి. అక్కడిచ్చే పొడుల్లో సిల్డెనాఫిల్ దంచి కలిపినవి ఉంటాయి, ఎంత కలిపారో ఎవరికీ తెలీదు, మీరు గుండెకి సార్బిట్రేట్ వాడుతుంటే ఏమవుతుందో పైన చదివారు. మగతనం ఇంజెక్షన్ అని టెస్టోస్టిరాన్ పొడిచేవాళ్ళూ ఉన్నారు, ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినవాళ్ళు యూరాలజిస్టు చెప్పకుండా దాన్ని తీసుకోకూడదు.

డాక్టరు ముందు నోరు పెగలకపోతే, పక్కన కొడుకు కూర్చుని ఉంటే ఇంకా పెగలదు, ఒక కాగితం మీద ఇలా రాసి ఇచ్చేయండి: "సార్, ఆపరేషన్ అయి ఇన్ని నెలలు. నా అంకె ఇంత. ఈ మందు ఇంత డోసు ఇన్నిసార్లు వాడాను. గుండె, కిడ్నీ, షుగర్ మందులు ఇవి. నాకు ఇది మళ్ళీ కావాలి, తర్వాత ఏం చేయాలో చెప్పండి." నా షాపుకొచ్చిన ఇద్దరు ముగ్గురికి నేనే నా చేత్తో ఇది రాసి మడిచి జేబులో పెట్టాను, మీరు ఇక్కణ్ణించి చూసి రాసుకోండి.